సీటు సరే... ఊరు సంగతేంటి?

యూరప్ చదువుకు దరఖాస్తు చేసేవాళ్లు యూనివర్సిటీని వెతికినంత శ్రద్ధగా ఊరిని వెతకరు. అక్కడ తిండి, నిద్ర, స్నేహాలు, చేతిలో మిగిలే డబ్బు... అన్నింటినీ తేల్చేది మాత్రం ఆ ఊరే.

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ మొదట చూసేది యూనివర్సిటీ పేరు. తర్వాత ర్యాంకు, ఆ తర్వాత ఫీజు. ఊరి సంగతి ఎప్పుడో చివర్లో, ఏ ఎయిర్‌పోర్టులో దిగాలో చూసుకునేటప్పుడు గానీ గుర్తుకు రాదు. అమెరికా చదువుల విషయంలో ఈ పద్ధతి ఏళ్ల తరబడి నడిచిపోయింది. అక్కడ ఏ ఊరెళ్లినా మనవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, క్లాసులో వినేదీ బజార్లో మాట్లాడేదీ ఒకటే భాష. యూరప్‌లో ఆ వీలు లేదు. నాలుగైదు గంటల రైలు ప్రయాణంలో భాష మారిపోతుంది. ఒక్కోసారి భాష మారకపోయినా అద్దె సగానికి సగం మారిపోతుంది.

జర్మనీ లెక్కే తీసుకుందాం. 2023-24 శీతాకాల సెమిస్టర్ నాటికే అక్కడ భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానం మనవాళ్లదే. స్టూడెంట్ వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాల్సిన సొమ్ము ఏడాదికి 11,904 యూరోలు. యూరోకు వంద రూపాయల చొప్పున లెక్కేసుకున్నా దాదాపు 12 లక్షలు. చాలా ఇళ్లలో ఇది బ్యాంకు లోను, లేదంటే అమ్మిన పొలం. ఆ డబ్బును బ్యాంకు నెలనెలా 992 యూరోల చొప్పున విడుదల చేస్తుంది. ఇప్పుడు మ్యూనిక్ వెళ్లిన అబ్బాయిని చూడండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గది సగటు అద్దె అక్కడ 2025లో 800 యూరోల దగ్గరుంది. తప్పనిసరి ఆరోగ్య బీమాకు సుమారు 140 పోతుంది. నెల మొత్తం తిండికి, ఫోనుకు, పుస్తకాలకు, జలుబు చేస్తే మందుబిళ్లకు మిగిలేది 50 యూరోలు. అదే జర్మనీలో, అదే వీసా మీద కెమ్నిట్జ్ వెళ్లిన అమ్మాయికి గది 300 యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది. బీమా పోను 550 మిగులుతాయి.

ఆ అమ్మాయి సాయంత్రం లైబ్రరీలో కూర్చుంటుంది. ఆ అబ్బాయి గోడౌన్‌లో పెట్టెలు మోస్తాడు. ఇద్దరిలో ఎవరి సబ్జెక్టులు పాసవుతాయో ఊహించడం కష్టం కాదు. అందుకే ఈ కథనంలో చెప్పదలచింది ఒకటే: యూనివర్సిటీల జాబితా రాసుకునే ముందు ఊళ్ల జాబితా రాసుకోండి. రాజధాని నగరాలను, సినిమాల్లో చూసిన నగరాలను కాస్త పక్కనపెట్టి, లక్షా రెండు లక్షల జనాభాతో యూనివర్సిటీయే ప్రాణంగా బతికే ఊళ్లను ముందు చూడండి.

గది దొరికాకే మిగతావన్నీ

యూరప్‌లో అద్దె గది అంటే తల దాచుకునే చోటు మాత్రమే కాదు, కాగితాలన్నింటికీ అదే మూలం. జర్మనీలో కొత్త గదిలోకి మారిన రెండు వారాల్లోగా మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి చిరునామా నమోదు చేసుకోవాలి. దాన్నే మన పిల్లలు అన్‌మెల్డుంగ్ అంటుంటారు. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన ఒక కాగితం కావాలి. ఆ నమోదు జరగకపోతే ట్యాక్స్ నంబరు రాదు, అది లేకుంటే పార్ట్‌టైమ్ జీతం సరిగ్గా చేతికి రాదు. వీసా గడువు ముగిసేలోగా తీసుకోవాల్సిన రెసిడెన్స్ పర్మిట్ కూడా ఆ చిరునామా మీదే ఆధారపడి ఉంటుంది. ‘ఉండొచ్చు గానీ అన్‌మెల్డుంగ్ కుదరదు’ అని చెప్పి గది ఇచ్చేవాళ్లుంటారు. ఆ గది ఎంత చవకైనా వద్దు.

గదుల ప్రకటన చదవడం కూడా ఒక విద్యే. పైన పెద్దక్షరాల్లో కనిపించేది చాలాసార్లు కాల్ట్‌మీటె, అంటే ఒట్టి గోడల అద్దె. హీటింగు, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపితే అది వార్మ్‌మీటె అవుతుంది. కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయో లేదో విడిగా అడగాలి. అడ్వాన్సుగా మూడు నెలల కాల్ట్‌మీటె వరకు అడిగే హక్కు యజమానికి చట్టమే ఇచ్చింది. అంటే 400 యూరోల గదికి దిగీ దిగగానే 1,200 పక్కన పెట్టుకోవాలి. కొన్ని ఫ్లాట్లలో వంటగది ఖాళీగా, పొయ్యి కూడా లేకుండా ఉంటుంది. వెళ్లిపోయే వ్యక్తి తన పొయ్యి, సింకు కూడా విప్పి తీసుకెళ్లడం అక్కడ మామూలే.

ఇక మోసాలు. ఫొటోల్లో గది తళతళలాడుతుంటుంది, అద్దె ఆ ఊరి రేటులో సగం ఉంటుంది. యజమాని ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నానంటాడు. డిపాజిట్ పంపితే తాళంచెవి కొరియర్ చేస్తానంటాడు. తాళంచెవి రాదు. ఈ కథ ప్రతి ఆగస్టులో, సెప్టెంబరులో ఎన్నో ఊళ్లలో జరుగుతుంది. ఇక్కడి నుంచి వెళ్లేవాడు గదిని కళ్లారా చూసే వీలుండదు కాబట్టి అతడే సులువుగా చిక్కుతాడు. ఆ ఊళ్లో చదువుతున్న ఎవరో ఒకరు వెళ్లి చూసొచ్చి ‘గది ఉంది’ అనే వరకు ఒక్క యూరో కూడా పంపకూడదు.

ఈ బెడద తప్పించుకోవడానికి మంచి దారి హాస్టలే. జర్మనీలో స్టూడెంటెన్‌వెర్క్ అనే సంస్థలు ఊరూరా విద్యార్థి వసతి గృహాలు, మెన్సా అనే క్యాంటీన్లు నడుపుతాయి. చాలా ఊళ్లలో హాస్టల్ గది 300 యూరోల చుట్టుపక్కలే. మ్యూనిక్ లాంటి చోట వాటికి సెమిస్టర్ల తరబడి క్యూ ఉంటుంది. ఇల్మెనావ్, మాగ్డెబుర్గ్ లాంటి చిన్న ఊళ్లలో గది దొరికే అవకాశం చాలా ఎక్కువ. అడ్మిషన్ వచ్చిన రోజే హాస్టల్‌కు దరఖాస్తు పెట్టాలి. వీసా వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ గది అప్పటికే ఇంకొకరిది అయిపోతుంది.

ఊరు చిన్నదైతే చాలు, అన్నీ బాగుంటాయని మాత్రం అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పెద్ద నగరమేమీ కాదు. చక్కటి సైకిల్ దారులు, వీధినిండా విద్యార్థులు. అలాంటి ఊళ్లో 2018లో కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థులకు గుడారాలు వేయాల్సి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ అయితే 2022లో, ఉండటానికి చోటు దొరక్కపోతే అసలు రావద్దని విదేశీ విద్యార్థులకు తానే చెప్పింది. సీటిచ్చినవాళ్లే రావద్దంటుంటే ఆ మాట వినాలి. ఆ దేశంలో మన విద్యార్థులు వేసవి నెలల్లో తప్ప వారానికి 16 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ పనికి కూడా యజమాని పర్మిట్ తీసుకోవాలి. ఒక విద్యార్థి కోసం ఆ తతంగమంతా పెట్టుకునే హోటళ్లు, దుకాణాలు తక్కువే.

మిలాన్ గుడారం, పావియా రైలు

ఇటలీ కథ వేరు. 2023 మే నెలలో మిలాన్ పాలిటెక్నిక్ ఎదుట ఒక విద్యార్థిని అద్దెలు భరించలేక చిన్న గుడారం వేసుకుని కూర్చుంది. కొద్ది రోజుల్లోనే రోమ్, ఫ్లోరెన్స్ సహా అనేక నగరాల్లో యూనివర్సిటీల ముందు గుడారాలు వెలిశాయి. ఆమె ఇటలీ అమ్మాయే. సొంత దేశంవాళ్లకే గది దొరకని చోటుకు మనవాళ్లు పన్నెండు కిలోల బియ్యం సంచితో దిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అయినా ఇటలీని కొట్టిపారేయలేం. మన మధ్యతరగతి పిల్లలకు అక్కడున్నంత ఆర్థిక సాయం యూరప్‌లో చాలాచోట్ల దొరకదు. అక్కడ ప్రతి ప్రాంతీయ ప్రభుత్వం డీఎస్‌యూ పేరుతో స్కాలర్‌షిప్ ఇస్తుంది. మార్కుల కంటే ముందు కుటుంబ ఆదాయం చూస్తారు. విదేశీ విద్యార్థులకూ ఇస్తారు. వస్తే ఫీజు మాఫీ, హాస్టల్‌లో చోటు, క్యాంటీన్ భోజనం, పైన కొంత నగదు. అయితే దానికి ఇక్కడే, ఇంటి దగ్గరే పని మొదలుపెట్టాలి. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, ఆస్తుల వివరాలు, బ్యాంకు నిల్వలు సిద్ధం చేసుకుని, వాటికి అపోస్టిల్ ముద్ర వేయించి, ఇటాలియన్‌లోకి అనువాదం చేయించాలి. అమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే అక్కడే ఆగిపోతుంది. వేసవిలో మొదలుపెట్టినవాళ్లు గడువు అందుకుంటారు. విమానం ఎక్కే హడావిడిలో గుర్తొచ్చినవాళ్లు ఏడాది పోగొట్టుకుంటారు. ఈ స్కాలర్‌షిప్ నిధులు, హాస్టల్ గదులు ప్రాంతాన్ని బట్టి, ఊరిని బట్టి మారతాయి. అర్హుల జాబితాలో పేరుండి కూడా గది దక్కనివాళ్లుంటారు. అందుకే దేశాన్ని ఎంచుకుంటే సరిపోదు, ఊరిని ఎంచుకోవాలి.

మిలాన్ మీదే మనసుంటే పావియా పేరు ఒకసారి చూడండి. రైలెక్కితే అరగంట దూరం. 1361 నుంచి యూనివర్సిటీ ఉన్న ఊరు. విద్యార్థులకు తిండీ వసతీ ఇచ్చే పాత కళాశాల భవనాలు ఊరంతా ఉన్నాయి. నగరం కావాలనిపించినప్పుడు నగరానికి వెళ్లొచ్చు. రాత్రికి మాత్రం మనం భరించగలిగే ఊరికి తిరిగి రావచ్చు.

ఈ లెక్క కొత్తదేం కాదు. కోపర్నికస్ 1491లో క్రాకోవ్‌లో చదువు మొదలుపెట్టాడు. 1496లో బొలోనియాకు, తర్వాత పదువాకు వెళ్లాడు. డిగ్రీ మాత్రం 1503లో, చదివిన ఊళ్లను వదిలి ఫెరారాలో తీసుకున్నాడు. పదువాలో పట్టా పుచ్చుకుంటే పరిచయస్తులందరికీ విందులు ఇవ్వాల్సి వస్తుందని, ఆ ఖర్చు తప్పించుకోవడానికే అలా చేశాడని కొందరు చరిత్రకారుల ఊహ. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని లోకానికి చెప్పిన మనిషి కూడా ఏ ఊళ్లో ఎంత ఖర్చవుతుందో చూసుకునే ఉంటాడన్నమాట.

స్కాలర్‌షిప్ ఒకటే, బతుకు వేరు

యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ స్కాలర్‌షిప్ పేరు ఇప్పుడు మన కాలేజీల్లోనూ వినిపిస్తోంది. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి ఇక్కడి కాలేజీకి అక్కడి యూనివర్సిటీతో ఒప్పందం ఉంటే ఒక సెమిస్టరో రెండు సెమిస్టర్లో వెళ్లొచ్చేది. 2015 నుంచి యూరప్ బయటి దేశాలకూ ఈ అవకాశం వచ్చింది. అక్కడ ఫీజు ఉండదు, నెలకు దేశాన్ని బట్టి 800 నుంచి 900 యూరోలు ఇస్తారు. రెండోది 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్. కనీసం రెండు దేశాల్లో తిరుగుతూ మాస్టర్స్ చదవడం. స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు. దీన్ని గెలుచుకునేవాళ్లలో భారతీయులు ఏటా ముందు వరుసలో ఉంటారు.

మొదటి దారిలో ఐర్లాండ్‌కు వెళ్తే 900, పోలండ్‌కు వెళ్తే 800. కాగితం మీద ఐర్లాండే మెరుగ్గా కనిపిస్తుంది. కానీ డబ్లిన్‌లో ఆ 900 దాదాపు మొత్తం గదికే పోవచ్చు. క్రాకోవ్‌లో 800తో గది తీసుకుని, తిని, నెలాఖరుకు ఇంకో ఊరు చూసొచ్చేంత మిగుల్చుకోవచ్చు. ముండస్‌లో తేడా ఇంకా స్పష్టం. కోపెన్‌హాగెన్‌లో ఉన్నా లిస్బన్‌లో ఉన్నా వచ్చేది అదే 1,400. చాలా కోర్సుల్లో రెండో ఏడాది ఏ ఊరికి వెళ్లాలో మనమే ఎంచుకునే వీలుంటుంది. సీనియర్లు చెప్పే కిటుకు ఇది: థీసిస్ రాసే ఆఖరి సెమిస్టర్‌కు ఖర్చు తక్కువ ఊరు పెట్టుకుంటే, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే నెలలకు కాస్త డబ్బు చేతిలో ఉంటుంది.

ఒక్క సెమిస్టర్‌కే వెళ్లేవాళ్లు ఊరితో పాటు క్యాలెండర్ కూడా చూసుకోవాలి. మన ఏడో సెమిస్టర్ జూలైలో మొదలవుతుంది, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు అప్పుడే. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరులో మొదలై క్లాసులు ఫిబ్రవరి దాకా సాగుతాయి. ఆ లెక్కన ఇక్కడ ఎనిమిదో సెమిస్టర్ కూడా మొదలైపోయి ఉంటుంది. ఫిన్లాండ్‌లో శరదృతువు సెమిస్టర్ డిసెంబరుకల్లా అయిపోతుంది. ఎక్స్‌ఛేంజ్‌కు వెళ్లొచ్చి బ్యాక్‌లాగులు రాసుకునే పరిస్థితి చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

ఇంకోటి క్రెడిట్ల సంగతి. అసలు ఎరాస్మస్ పథకం పుట్టిందే, వేరే దేశంలో చదివిన చదువు చెల్లదన్న అవమానం నుంచి. సోఫియా కొరాదీ అనే ఇటలీ విద్యార్థిని 1950ల చివర్లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో న్యాయశాస్త్రంలో మాస్టర్స్ చేసి రోమ్ తిరిగొస్తే, ఆ చదువు లెక్కలోకి రాదని యూనివర్సిటీ అధికారులు తోసిపుచ్చారు. ఆమె ఊరుకోలేదు. ఇంకెవరికీ అలా జరగకూడదని ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి, అధికారుల చుట్టూ తిరిగింది. 1987లో 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులతో ఎరాస్మస్ మొదలైంది. ఇప్పుడు సెమిస్టర్‌కు 30, ఏడాదికి 60 చొప్పున ఈసీటీఎస్ క్రెడిట్లు యూరప్ అంతా చెల్లుతాయి. ఇక్కడ చెల్లాలంటే మాత్రం వెళ్లే ముందే లర్నింగ్ అగ్రిమెంట్ మీద మన హెచ్‌ఓడీ సంతకం, ఎగ్జామినేషన్ బ్రాంచి ఆమోదం ఉండాలి. ‘వెళ్లిరా, చూద్దాం’ అన్న నోటిమాటను నమ్ముకోవద్దు.

క్లాసు ఇంగ్లిష్‌లో, ఊరు ఇంకో భాషలో

కోర్సు ఇంగ్లిష్‌లో ఉందని బ్రోషర్‌లో ఉంటుంది. అది నిజమే. కానీ అద్దె ఒప్పందం, డాక్టరు దగ్గర క్యూ, కరెంటు బిల్లు ఇంగ్లిష్‌లో ఉండవు. 2002లో వచ్చిన ఫ్రెంచి సినిమా ‘లోబెర్జ్ ఎస్పాన్యోల్’ ఎరాస్మస్ విద్యార్థుల గురించే. అందులో బార్సిలోనా క్లాసులో స్పానిష్‌లో పాఠం చెప్పమని ఒక విదేశీ విద్యార్థిని అడుగుతుంది. ప్రొఫెసర్ కుదరదంటాడు. ఆయన చెప్పేది కటలాన్‌లో. స్పానిష్ నేర్చుకుని స్పెయిన్ వెళ్లాం కదా అనుకున్నవాళ్లకు బార్సిలోనాలో, వాలెన్సియాలో ఇది నిజంగానే ఎదురవుతుంది. గ్రనాడాలో, సాలమాంకాలో ఆ ఇబ్బంది లేదు. ఏళ్ల తరబడి ఎరాస్మస్ విద్యార్థులు ఎక్కువగా చేరే ఊళ్లలో గ్రనాడా ఒకటి కావడానికి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

చిన్న ఊళ్లలో భాష ఇబ్బంది ఎక్కువ, అది ఒప్పుకోవాలి. బెర్లిన్‌లో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. ఇల్మెనావ్‌లో కుదరదు. కానీ అదే కారణంగా భాష త్వరగా వస్తుంది కూడా. చదువయ్యాక జర్మనీలో ఉద్యోగం కావాలంటే బీ1, బీ2 స్థాయి జర్మన్ ఎంత ముఖ్యమో అక్కడ తిరిగినవాళ్లకు తెలుసు. హైదరాబాద్‌లో గోథె సెంట్రమ్ ఉంది, అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, తార్నాకలో ఇఫ్లూ ఉంది. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌కు పెట్టే డబ్బులో కొంత, ఆఖరి ఏడాదిలో ఆరు నెలల సమయం ఏ2 స్థాయి అందుకోవడానికి పెడితే, దిగిన మొదటి నెలే యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ దగ్గర చేసే హివి ఉద్యోగానికి నోరు తెరిచి అడగగలుగుతారు.

ఇక్కడే మన ఫ్లాట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఊరు పెద్దదైతే, మనవాళ్లు ఎక్కువుంటే, ఆరుగురు తెలుగు కుర్రాళ్లు ఒకే ఇంట్లో చేరతారు. మొదటి నెల అది పెద్ద అండ. జ్వరం వస్తే చారు కాచిపెట్టే మనిషి ఉంటాడు. కానీ ఏడాది గడిచినా ఆ ఇంట్లోంచి బయటికి రానివాళ్లకు జర్మన్ రాదు, జర్మన్ స్నేహితుడూ ఉండడు, ఉద్యోగాల కబురు చెప్పేవాడూ ఉండడు. నాకైతే మొదటి సెమిస్టర్ మనవాళ్లతో, రెండో సెమిస్టర్ నుంచి వేర్వేరు దేశాల వాళ్లు కలిసి ఉండే ఫ్లాట్‌లో (జర్మనీలో దాన్ని వేగే అంటారు) ఉండటం అన్నింటికంటే మంచిదనిపిస్తుంది. వంటగది పంచుకునే చోట భాష దానంతటదే వస్తుంది. పోపు పెట్టే ముందు కిటికీ తీయడం మాత్రం మరవద్దు. అక్కడ చాలా హాస్టళ్లలో గదిగదికీ పొగ అలారం ఉంటుంది, ఎండుమిర్చి ఘాటుకు అర్ధరాత్రి బిల్డింగంతా కిందికి దిగొచ్చిన సందర్భాలు లేకపోలేదు.

వెలుతురు, వంట, భయం

ఇవి బ్రోషర్‌లో ఉండవు. కానీ మనిషిని కుంగదీసేవి ఇవే. ఎస్తోనియాలోని తార్తు 1632 నుంచి యూనివర్సిటీ ఉన్న అందమైన ఊరు. డిసెంబరులో అక్కడ పగలు ఆరు గంటల పైచిలుకే. మూడున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అదే నెలలో లిస్బన్‌లో తొమ్మిదిన్నర గంటల వెలుతురు. ఎండకు పుట్టి పెరిగిన మన పిల్లల్లో కొందరు ఆ చీకటికి తట్టుకోలేరు. నిద్ర, ఆకలి తప్పుతాయి, క్లాసుకు లేవలేరు. ముందే తెలిస్తే విటమిన్ డి పరీక్ష చేయించుకుని వెళ్తారు, వ్యాయామం అలవాటు చేసుకుంటారు, ఒంటరిగా ఉండే గది బదులు నలుగురుండే కారిడార్ తీసుకుంటారు. ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ చరిత్ర ఉంటే ఉత్తరాది ఊళ్ల విషయంలో రెండుసార్లు ఆలోచించడంలో తప్పేమీ లేదు.

తిండి గురించి బెంగ అంత అక్కర్లేదు. బియ్యం, పప్పు టర్కీ దుకాణాల్లోనో ఆసియా దుకాణాల్లోనో దొరుకుతాయి. గోంగూర కోసం ఊరు మారనక్కర్లేదు. ఆదివారం జర్మనీలో సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారం సాయంత్రమే పాలు, ఉల్లిపాయలు తెచ్చుకోవాలి, అంతే. స్లోవేనియా రాజధాని లూబ్లియానాలో అయితే విద్యార్థుల భోజనానికి ప్రభుత్వమే సబ్సిడీ ఇస్తుంది. ఊళ్లోని హోటళ్లలో సగం ధరకో ఇంకా తక్కువకో తినొచ్చు. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులకూ వర్తిస్తుంది. రాజధాని అయినా చిన్న ఊరిలా మసలగలిగే చోటు అది.

భద్రత గురించి మాట్లాడకుండా చవక ఊళ్లను సిఫారసు చేయడం సరికాదు. తూర్పు జర్మనీలో అద్దె తక్కువ, సీట్లు ఎక్కువ. కానీ 2014 నుంచి డ్రెస్‌డెన్ వీధుల్లో వలసలకు వ్యతిరేకంగా ఊరేగింపులు సాగాయి, 2018 ఆగస్టులో కెమ్నిట్జ్‌లో విదేశీయుల మీద దాడులు జరిగాయి. అదే కెమ్నిట్జ్ 2025లో యూరప్ సాంస్కృతిక రాజధానిగా నిలిచింది, వందల మంది భారతీయ విద్యార్థులు అక్కడ చదువుకుంటున్నారు. రెండూ నిజాలే. 2025లో డబ్లిన్‌లో భారతీయుల మీద వరసగా దాడులు జరిగినప్పుడు మన రాయబార కార్యాలయం ఆగస్టు 1న జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. ఇంగ్లిష్ మాట్లాడే దేశం కాబట్టి అక్కడ నిశ్చింత అనుకోవడానికి వీల్లేదు. ఇలాంటి విషయాలు కన్సల్టెన్సీ చెప్పదు. ఆ ఊళ్లో చదువుతున్న అమ్మాయిల్ని అడగాలి: ఆఖరి ట్రామ్ ఎన్నింటికి? ఏ వీధిలో రాత్రి నడవరు? హాస్టల్ ఎంత దూరం? అమ్మాయిలనే ఎందుకంటే, అబ్బాయిలు ‘ఏం కాదులే’ అనేసి ఊరుకుంటారు.

చదివేది ఏమిటో ఊరికి తెలియాలి

పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనకో సామెత ఉంది. యూనివర్సిటీ ర్యాంకు చూసి ఊరిని వదిలేస్తే అదే అవుతుంది. చదివే సబ్జెక్టుకు ఆ ఊళ్లో పనుందా అని చూడాలి. చిప్ డిజైన్ చదివేవాళ్లకు డ్రెస్‌డెన్‌లో ఇన్ఫినియన్, గ్లోబల్‌ఫౌండ్రీస్ ఫ్యాక్టరీలున్నాయి. తైవాన్ సంస్థ టీఎస్‌ఎంసీ భాగస్వామిగా 2024 ఆగస్టులో ఇంకో ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. బెల్జియంలోని లువెన్‌లో 1425 నాటి యూనివర్సిటీ, దాని పక్కనే ఐమెక్ పరిశోధన సంస్థ. ఏరోస్పేస్‌కు ఎయిర్‌బస్ ఉన్న టులూజ్. ఆప్టిక్స్‌కు జైస్ పుట్టిన యేనా. అగ్రికల్చర్ బీఎస్సీ చేసిన మన పిల్లలు నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పేరు వినే ఉంటారు. ఆ చిన్న ఊరు మొత్తం పంటల గురించే మాట్లాడుతుంది.

ఆ లెక్కన మ్యూనిక్ కూడా వద్దనాల్సిన ఊరు కాదు. బీఎండబ్ల్యూ, సీమెన్స్ అక్కడే. కానీ మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024-25 నుంచి యూరప్ బయటివాళ్లకు ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు. స్టుట్‌గార్ట్, హైడెల్‌బెర్గ్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచే సెమిస్టర్‌కు 1,500 కట్టాలి. జర్మనీలో చదువు ఉచితం అన్న మాట ఇక అన్ని ఊళ్లకూ వర్తించదు. స్కాలర్‌షిప్ చేతిలో ఉంటే మ్యూనిక్ వెళ్లండి. లోను మీద వెళ్లేవాళ్లు మాత్రం మాస్టర్స్ ఇంకో ఊళ్లో చేసి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు మ్యూనిక్ రావచ్చు. ఇంటర్న్‌షిప్‌లో జీతం వస్తుంది, ఆ అద్దె అప్పుడు కట్టొచ్చు.

విద్యార్థులే ప్రాణమైన ఊళ్లలో ఇంకో సుఖముంది. పోర్చుగల్‌లోని కొయింబ్రాలో విద్యార్థులు ఇప్పటికీ నల్లటి అంగీలు కప్పుకుని తిరుగుతారు, రిపబ్లికాలనే పాత ఇళ్లను వాళ్లే కలిసి నడుపుకుంటారు. స్వీడన్‌లోని లుండ్‌లో, ఉప్సలాలో పదమూడేసి విద్యార్థి సంఘాలున్నాయి, వంట చేసేదీ వడ్డించేదీ వాళ్లే, ఎవరైనా చేరొచ్చు. జర్మనీలోని గోటింగెన్‌లో పీహెచ్‌డీ పూర్తయినవాళ్లను స్నేహితులు అలంకరించిన బండిలో కూర్చోబెట్టి ఊరి నడిమధ్యకు తీసుకెళ్తారు. అక్కడ బాతులు కాసే అమ్మాయి విగ్రహం ఉన్న ఫౌంటెన్ ఎక్కి, ఆ విగ్రహం బుగ్గ మీద ముద్దు పెట్టి పూలగుత్తి ఇవ్వాలి. దారిన పోయే ఊరివాళ్లు ఆగి చప్పట్లు కొడతారు. మహానగరంలో పట్టా వచ్చిన రోజున మనవైపు చూసేవాళ్లే ఉండరు.

ఊళ్ల జాబితా రాసుకున్నాక, ఒక్కో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. కొత్తగా వచ్చే విదేశీ విద్యార్థుల్లో ఎందరికి హాస్టల్ ఇవ్వగలుగుతున్నారో, గది దొరకనివాళ్లు మొదటి నెల ఎక్కడ ఉంటున్నారో అడగండి. సూటిగా జవాబిచ్చే ఊరు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఒకవేళ ఆగస్టు చివరికి కూడా గది ఖాయం కాకపోతే, ‘వెళ్లాక చూసుకుంటాంలే నాన్నా’ అన్న మాటకు ఇంట్లోవాళ్లు తలూపకూడదు. జర్మనీలో కొన్ని కోర్సుల్లో ఏప్రిల్‌లో మొదలయ్యే వేసవి సెమిస్టర్‌లోనూ చేరొచ్చు. అక్టోబరులో ఒక గదికి యాభై మంది పోటీ పడే ఊళ్లోనే ఏప్రిల్‌లో హాస్టల్ గదులు ఖాళీ అవుతాయి, చదువు ముగించుకుని వెళ్లిపోయేవాళ్లు వేగేల్లో తమ గదుల్ని అప్పగించే మనిషి కోసం వెతుకుతుంటారు. అడ్మిషన్‌ను ఆ సెమిస్టర్‌కు మార్చుకోవచ్చా, లేక మళ్లీ దరఖాస్తు పెట్టాలా అని యూనివర్సిటీనే అడిగి తెలుసుకోండి. మధ్యలో దొరికే ఆరు నెలలు ఏ2 పూర్తి చేయడానికి సరిపోతాయి.